ఐదో చింతగింజ

మొన్న ఉగాదికి ముందు నర్సంపేట దిక్కు నుంచి మా వియ్యపురాలు ఒక సంచి చింతపండు పంపింది. గింజ తీయనిది. సంచి మూతి విప్పగానే ఇల్లంతా ఆ వాసన, పులుపులో కొంచెం బెల్లం కలిసినట్టు. మా ఆవిడ బాల్కనీలో పాత పేపర్లు పరిచి, చిన్న సుత్తె పట్టుకుని కూర్చుంది. టక్కు, టక్కు. పండు ఒక దిక్కు, గింజలు ఒక దిక్కు. కింది ఫ్లాటు వాళ్లు పైకొచ్చి, రిపేరు ఏమైనా నడుస్తోందా అని అడిగి, చెరింత పండు చప్పరించుకుంటూ పోయారు.

నేనొక గింజ తీసుకుని, ఏమీ ఆలోచించకుండానే గచ్చు మీద రాయడం మొదలుపెట్టాను. గట్టిగా నాలుగుసార్లు రాస్తే చింతగింజ చురుక్కుమనేంత వేడెక్కుతుంది. దాన్ని పక్కవాడి మోచేతికి అంటించి ఉరకడం మేం అన్నిటికంటే ముందు నేర్చుకున్న ఆట. మనవరాలికి అంటించాను. కెవ్వుమని అరిచింది. అరుపు ఆగకముందే తనకూ ఒక గింజ కావాలంది.

ఇంకాస్త రాస్తే పైతోలు పోయి తెల్లటి పప్పు బయటపడుతుంది. ఒక దిక్కు నలుపు, ఒక దిక్కు తెలుపు. అలాంటివి నాలుగైతే అష్టాచెమ్మాకు గింజలు తయారైనట్టే. "తయారుగా ఉన్నవి నా దగ్గరున్నయి, ఆగు" అని లేచాను. బీరువా అడుగున ఎక్కడో నాయినమ్మ వక్కాకు సంచి ఉండాలి. వెంటనే దొరకలేదు. బట్టల మడతల కింద చెయ్యి పెట్టి వెతుకుతుంటే మిగతావన్నీ ఒక్కొక్కటే తగిలాయి.

* * *

మాది వరంగల్ కొత్తవాడ. కొత్తవాడ అంటే జంపఖానాలు. వరంగల్ దర్రీలని పేరున్న ఆ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సరుకని చెప్పే ముద్ర, వచ్చింది. మా చిన్నప్పుడు గుర్తింపులు లేవు గానీ, ఏ ఇంటి ముందు నిలబడ్డా మగ్గం చప్పుడు వినిపించేది. తాత ఇంట్లో మగ్గం మీద, బాపు ఆజంజాహి మిల్లులో. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు అది. సగం ఊరు దాని సైరన్‌కు లేచి, దాని సైరన్‌కు అన్నం తినేది. మా ఇంట్లో గోడ గడియారం ఉండేది గానీ, బాపు దానికి చావి ఇచ్చాక ముల్లు తిప్పేది సైరన్ విన్నాకే.

పొద్దటి సైరన్‌కు మగవాళ్లు పోయాక వంట, అంట్లు, కండెలు చుట్టుడు. ఎండ నడినెత్తి మీది నుంచి కాస్త వాలాక ఆడవాళ్లకు రెండు గంటలు దొరికేవి, షిఫ్టు వదిలే సైరన్ దాకా. ఆ రెండు గంటలూ మా అరుగు నాయినమ్మ రాజ్యం.

ఆమెకు సుద్దముక్క అవసరం ఉండేది కాదు. వక్కాకు సంచిలోంచి సున్నపు కాయ తీసి, చూపుడు వేలు సున్నంలో ముంచి, షాబాదు బండ మీద అడ్డంగా ఆరు గీతలు, నిలువుగా ఆరు గీతలు గీసేది. ఇరవై ఐదు ఇండ్లు. నాలుగు దిక్కుల నడిమి ఇండ్లకూ, మధ్యలో ఉన్న ఇంటికీ ఇంటూ గుర్తు కొట్టేది. ఆ ఇండ్లల్లో ఉన్న కాయను ఎవరూ చంపరాదు. కాయలు ఒకరివి గాజు ముక్కలు, ఒకరివి పెంకులు, ఒకరివి చీపురు పుల్లలు, ఇంకొకరివి సబ్బు కాగితపు ఉండలు. మనిషికి నాలుగు.

గింజలు వేస్తే తెల్లవి ఎన్ని పడితే అంత. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఈ రెంటిలో ఏది పడ్డా ఇంకోసారి వేయొచ్చు. ఎవరి కాయనన్నా చంపినా ఇంకోసారి. బయటి వరుసంతా ఒక దిక్కు తిరిగి, లోపలి వరుసలో ఎదురు దిక్కు తిరిగి, నడిమి ఇంట్లోకి చేరితే కాయ పండినట్టు. చూడ్డానికి ఇంతే. కానీ ఇందులో పగలు పెరిగేవి. మా అవ్వ (మా దిక్కు అమ్మను అవ్వ అంటాం) పరకాల నుంచి కోడలుగా వచ్చినప్పుడు తన పుట్టింటి లెక్కను వెంట తెచ్చుకుంది. వాళ్ల దగ్గర ఎవరినీ చంపకుండానే లోపలి ఇండ్లల్లోకి పోవచ్చట. మా ఇంట్లో అట్లా కుదరదు, ఒక్క కాయనన్నా చంపి తీరాలి. అత్తాకోడళ్ల మధ్య మూడు రోజులు మాటల్లేవట ఆ ముక్క మీద. చివరికి నాయినమ్మే తీర్పు చెప్పింది: "ఏ ఇంట్ల ఆడితే ఆ ఇంటి లెక్క." అవ్వ పుట్టింటికి పోయినప్పుడు నాయినమ్మ కూడా వెంట పోయి, అక్కడ అరుగు మీద కూర్చుని, ఎవరినీ చంపకుండా లోపలికి పోయి మూడు ఆటలు గెలిచి వచ్చిందని అవ్వే నవ్వుతూ చెప్పేది.

నాయినమ్మకు అక్షరం రాదు. కానీ ఇండ్లు వేలితో లెక్కపెట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. గింజలు బండ మీద దొర్లుతుండగానే, మూడు పడితే ఎవరు చస్తారో రెండు పడితే ఎవరు బతుకుతారో చెప్పేసేది. బడిలో తిన్న మొట్టికాయల కంటే ఆ అరుగు మీదే నాకు కూడికలు తొందరగా వచ్చాయి. తర్వాత నేను లెక్కల సారునయ్యానంటే అందులో ఆ సున్నం గీతల పాలు కొంత ఉంది.

* * *

ఆటలో అసలు మనిషి మా మేనత్త.

పెండ్లయిన రెండో ఏడే మామ భీవండి పోయాడు. మా వాడ నుంచీ, సిరిసిల్ల దిక్కు నుంచీ ఎంతమంది సాలోళ్లు భీవండి, షోలాపూర్, సూరత్ పోయారో లెక్కలేదు. అక్కడ పవర్‌లూములు, ఇక్కడ అప్పులు. పోయినవాళ్లు మనియార్డర్లు పంపేవాళ్లు. మామ దగ్గర నుంచి మొదట్లో నెలనెలా వచ్చేవి, తర్వాత పండుగలకు, ఆ తర్వాత బంద్. అత్తమ్మ పొద్దంతా చరఖా ముందు కూర్చుని కండెలు చుట్టేది. మధ్యాహ్నం అరుగు మీదికి వచ్చేది. పోస్టుమాన్ మా గల్లీలోకి వచ్చే వేళ కూడా అదే.

ఆమె వంతు వచ్చిందంటే చూడాలి. గింజలు నాలుగూ ఏరుకుని, కొంగుతో శుభ్రంగా తుడిచి, రెండు అరచేతుల్లో గలగలలాడించి, "చెమ్మా, నా తల్లీ, రా" అని పిలిచి వేసేది. చెమ్మ వచ్చేది. పిలిచినప్పుడల్లా కాదు గానీ మిగతావాళ్లకంటే ఎక్కువే వచ్చేది. వేశాక మళ్లీ తానే ఏరి, ఇంకోసారి తుడిచి పక్కవాళ్ల చేతిలో పెట్టేది. అంత శుభ్రం ఏందో అనుకునేవాణ్ణి. అష్ట మాత్రం ఆమె చేతిలో పడగా చూసిన గుర్తు లేదు. "నా నొసట అష్ట రాయలే పో" అని నవ్వేది. అయినా ఆట ముగిసేసరికి ముందుగా పండేవి అత్తమ్మ గాజు ముక్కలే.

దొంగాట విషయంలో నాయినమ్మ పోలీసు. పక్కింటి పెద్దవ్వ ఒక ఇల్లు ఎక్కువ జరిపితే మోచేతి మీద కొట్టేది. నేను గింజను వేలితో తిప్పబోతే, "ఏంరా, బట్టేబాజ్, మీ బాపు దగ్గర నేర్సినవా?" అనేది. అత్తమ్మ వంతు వచ్చినప్పుడు మాత్రం అడకత్తెర తీసి వక్క కత్తిరించుకుంటూ గల్లీ మొగదల దిక్కు చూసేది.

సైరన్ మోగగానే ఎవరి కాయ ఎక్కడున్నా ఆట బంద్. నాయినమ్మ తడిగుడ్డతో బండ తుడిచేసేది. మిల్లు నుంచి సైకిళ్లు గుంపుగా గల్లీలోకి తిరిగే వేళకు అరుగు మీద ఏమీ ఉండేది కాదు. మరునాడు కొత్త గీతలు. నిన్నటి ఆట ఎక్కడ ఆగిందో మాత్రం అందరికీ గుర్తుండేది, దాని మీద ఇంకో కొట్లాట.

* * *

మగవాళ్లు ఈ ఆటల్లోకి వచ్చేది ఏడాదికి ఒక్కసారి, శివరాత్రి జాగారానికి. ఆ రాత్రి మిల్లులో బాపుతో పనిచేసే జాబర్ సాబ్ తన పచ్చీసు బట్ట చంకలో పెట్టుకుని వచ్చేవాడు. ముదురు ఎర్ర మఖ్మల్ బట్ట, దాని మీద పసుపు దారంతో కుట్టిన కూడలి గుర్తు, నాలుగు దిక్కులకూ నాలుగు చేతులు. ఒక్కో చేతికి మూడు వరుసలు, వరుసకు ఎనిమిది ఇండ్లు. మా అష్టాచెమ్మా తుడిచేస్తే పోయేది. ఇది మడిచి సంచిలో పెట్టుకునే ఆట. వాళ్ల తాతల నాటిదని చెప్పేవాడు. మఖ్మల్ అరిగి వెనకాల నేత కనపడుతున్న చోట తాత వేలు పెట్టి, అది ఏ నూలో, ఎన్నో నంబరో చెప్పేవాడు. ఆట చూడవయ్యా అంటే బట్ట చూసేవాడు.

గవ్వలు వేసి అందరికంటే పెద్ద పందెం పడితే జాబర్ సాబ్ "పచ్చీస్!" అని అరిచే అరుపుకు తూగుతున్న పిల్లలందరం లేచి కూర్చునేవాళ్లం. పచ్చీస్ అంటే ఇరవై ఐదు, ఆటకు ఆ పేరు అందుకే. అక్బర్ పాదుషా ఫతేపూర్ సిక్రీలో కోట అంగణాన్నే పచ్చీసు పటంగా చేయించి, కాయలకు బదులు మనుషుల్ని నిలబెట్టి ఆడేవాడని కథ చెప్పేవాడు. చాలా ఏండ్ల తర్వాత నేను ఫతేపూర్ సిక్రీ పోయి చూశాను. అంగణంలో రాతి మీద ఆ గళ్లు నిజంగానే ఉన్నాయి. మనుషుల్ని నిలబెట్టిన సంగతి మాత్రం గైడు కూడా కథలాగే చెప్పాడు. ఎండకు రాయి కాలుతోంది. ఆ కాయలకు చెప్పులుండేవా అని అడిగితే గైడు నవ్వలేదు.

ఇదే పచ్చీసు ఇంగ్లండు పోయి, గవ్వలు పారేసి, గ్లాసులో వేసి ఊపే పాచిక పెట్టుకుని, 1896లో పేటెంటు తీసుకుని ‘లూడో’ అయింది. అట్టముక్క మీద రంగులేసుకుని మళ్లీ మా వాడ కిరాణా దుకాణానికే వచ్చింది. జాబర్ సాబ్ దాన్ని ఒకసారి తిరగేసి చూసి, "ఏక్ పాసా? బస్?" అన్నాడు. ఒక్క పాచికతో ఏం ఆట అని ఆయన బాధ. ఆరు గవ్వలు చేతిలో గలగలమనకపోతే ఆయన లెక్కలో అది ఆట కాదు.

ఆ రాత్రే ఇంకో మూల వైకుంఠపాళి నడిచేది. ఐనవోలు జాతరలో కొన్న కాగితం పటం, ఏడాది తిరిగేసరికి మడతల దగ్గర చిరిగి, అన్నం మెతుకులతో అంటించి ఉండేది. నాయినమ్మ దాన్ని ఆటలా ఆడేది కాదు. నిచ్చెన ఎక్కితే దండం పెట్టేది, పాము మింగితే లెంపలు వేసుకునేది. పైవరుస దాకా పోయి పెద్ద పాము నోట్లో పడి కిందికి జారితే ఆ రోజంతా మనసు బాగుండేది కాదు. ఇంగ్లండు వాళ్లు ఈ ఆటను కూడా 19వ శతాబ్దం చివర్లో పట్టుకుపోయారు. తర్వాత్తర్వాత అందులో పాపాలు, పుణ్యాలు పోయి ఉత్త పాములు, ఉత్త నిచ్చెనలు మిగిలాయి. మోక్షం ఉండాల్సిన చోట నూరు అంకె. నాయినమ్మకు ఆ కొత్త బోర్డు చూపిస్తే, "పైన దేవుడే లేడు, ఇంకెందుకు ఎక్కుడు?" అంది.

* * *

పత్తాల సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే బాపు మంచివాడిగా మిగులుతాడు గానీ కథ సగమవుతుంది.

మిల్లు జీతాల రోజు సాయంత్రం సైరన్ మోగినా కొన్ని సైకిళ్లు గల్లీలోకి వచ్చేవి కావు. చెరువు కట్ట అవతల కంపచెట్ల కింద జంపఖానా పరిచి మూడుముక్కలాట. ఒక నెల బాపు జీతం మొత్తం, దాని మీద చేతి గడియారం, పోగొట్టుకుని వచ్చాడు. నాయినమ్మ ఒక్క మాట అనలేదు. ఆయన అంగీ జేబులోని పత్తాల కట్ట తీసి, నీళ్ల పొయ్యిలో ఒక్కొక్కటే వేసింది. ఆ మైనం పూత కాగితం మండే వాసన ఇప్పటికీ ముక్కుకు తెలుసు. అందరికంటే చివర ఆటీన్ రాజు మండాడు, నేను చూశాను. ఆ నెల మేం మక్క గట్క తిన్నాం.

ఋగ్వేదం పదో మండలంలో ఒక జూదరి గోడు ఉంది. అత్త ఛీ కొట్టింది, పెండ్లాం వెళ్లగొట్టింది, అయినా గింజల చప్పుడు వినబడగానే కాళ్లు అటే పోతున్నాయి అని ఏడుస్తాడు. ఆ పాచికలు తానికాయలు. మన ఏటూరునాగారం అడవుల్లో దొరికే, త్రిఫల చూర్ణంలో వేసే తానికాయలే. చివర్లో జూదం వద్దు, పొలం దున్నుకో అని బుద్ధి చెప్పించుకుంటాడు. మొదటిసారి అది చదివినప్పుడు నాకు చెరువు కట్ట అవతలి కంపచెట్లు కనపడ్డాయి. బాపుకు చదివి వినిపిద్దామనుకున్నాను. అప్పటికి ఆయన లేడు.

* * *

ఆదివారం మా పిల్లల ఆటలు ఖిలాలో. ఇప్పుడంటే టికెట్లూ కంచెలూ వచ్చాయి గానీ, అప్పుడు పడిపోయిన రాళ్ల మధ్య మేకలు మేసేవి, వాటి వెంట గొల్ల పిల్లలు ఉండేవాళ్లు. పులి మేక మాకు నేర్పింది వాళ్లే. బొగ్గుతో మూడు మూలల పటం గీసి, మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీది నుంచి దూకితే మేక పోయినట్టు. మేకలన్నీ కలిసి పులిని ఎటూ కదలకుండా కడితే పులి ఓడినట్టు.

మేం వాడ పిల్లలం ఎప్పుడూ పులులే కావాలని కొట్లాడేవాళ్లం. గొల్ల పిల్లలు గమ్మున మేకలు తీసుకునేవాళ్లు. తీసుకుని గెలిచేవాళ్లు. నాలుగు వారాలు వరసగా ఓడిపోయాక అర్థమైంది. పులికి ఎంతసేపూ ఎవర్ని మింగాలా అన్న ఆలోచనే. మేకలు కాసేవాడు మాత్రం ఏ మేక వెనక ఏ మేక నిలబడాలో చూసుకుంటాడు. వెనక ఖాళీ లేకపోతే పులి దూకలేదు. ఈ మాట వాళ్లెవరూ మాకు చెప్పలేదు. అసలు ఆటప్పుడు మాట్లాడేవాళ్లే కాదు, మధ్యలో తప్పిపోయిన మేకను "హేయ్" అని అదిలించడం తప్ప. హంపీలో రాతి అరుగుల మీద ఇలాంటి ఆటల గీతలు చెక్కి ఉన్నాయి. అవి చూసినప్పుడు విజయనగరపు కాలంలో మేకలెవరు తీసుకునేవాళ్లో అనిపించింది.

చదరంగం మా వాడలో ఎవరికీ రాదు. అందుకే అర్జున్ ఎరిగైసి సంగతి చదివినప్పుడల్లా నాకు కొంచెం గర్వం, ఇంకొంచెం ఆశ్చర్యం. వరంగల్‌లో పుట్టిన పిల్లగాడు పద్నాలుగేండ్లకే, 2018లో, గ్రాండ్‌మాస్టరై, 2024 డిసెంబరు రేటింగుల్లో 2800 దాటాడు. ఆనంద్ తర్వాత మన దేశంలో అది దాటిన రెండో మనిషి అతనే. హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ ఇది ఒకాయనకు చెబితే, "క్యారమ్‌లనా?" అన్నాడు.

క్యారమ్ అంటే మాకు యువజన సంఘం గది. నలభై క్యాండిల్ బల్బు, బోరిక్ పౌడరు తెల్లగా అంటుకున్న మోచేతులు, తొమ్మిది తెల్లవి, తొమ్మిది నల్లవి, ఒక రెడ్డు. రెడ్డు వేశాక ఫాలో వేయకపోతే మళ్లీ బోర్డు మీదికి. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు. నాకు గురి లేదు, ఎప్పుడూ పక్కన నిలబడి పౌడరు చల్లే డ్యూటీ.

* * *

నేను డిగ్రీలో ఉండగా హైదరాబాదు నుంచి మా పిన్ని కొడుకు ‘బిజినెస్’ ఆట తెచ్చాడు. కాగితం నోట్లు, ఊర్ల పేర్ల కార్డులు, ప్లాస్టిక్ ఇండ్లు. ఊర్లు కొని కిరాయి వసూలు చేసి ఎదుటివాణ్ణి దివాళా తీయించాలి. నాయినమ్మ ఆ నోట్లను చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది. ఆమె చేతికి అంత డబ్బు రావడం అదే మొదటిసారి. తర్వాత ఆట చూసి, "మన కిరాయిలోల్ల లెక్కనే ఉన్నది" అని లేచిపోయింది.

ఆమె అన్నది అక్షరాలా నిజమని నాకు ఈ మధ్యే తెలిసింది. అమెరికాలో ఎలిజబెత్ మేగీ అనే ఆమె 1904లో దీని మొదటి రూపానికి పేటెంటు తీసుకుంది. భూమి కొందరి చేతిలో పడితే కిరాయికి ఉండేవాళ్లు ఎట్లా మునుగుతారో జనానికి తెలియాలని ఆమె తాపత్రయం. 1935లో ఒక కంపెనీ దాన్నే ‘మోనోపలీ’ పేరుతో అమ్మింది. జనం మాత్రం మునిగేవాణ్ణి చూసి జాలిపడే బదులు ముంచడం నేర్చుకుని సంబరపడ్డారు. మా ఆజంజాహి మిల్లు మూతపడ్డాక ఆ భూమి ప్లాట్లయింది. వేలం రోజుల్లో రిటైరైన కార్మికులు కొందరు గేటు దగ్గర నిలబడి, గజం ధర ఎంత పలికిందో చెప్పుకుంటుంటే, నేను బస్సు కిటికీలోంచి విన్నాను.

సైరన్ ఏ రోజు చివరిసారి మోగిందో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అప్పటికే అరుగు మీద ఆడేవాళ్లు లేరు. అత్తమ్మను మామ వచ్చి భీవండి తీసుకుపోయి చాలా ఏండ్లయింది. పక్కింటి పెద్దవ్వ పోయింది. నాయినమ్మ ఒక్కతే బండ మీద గీతలు గీసి, నలుగురి కాయలూ తానే పెట్టుకుని, నలుగురి వంతూ తానే వేసేది.

* * *

నేను సారుగా చేరిన కొత్తలో, భూపాలపల్లి దిక్కు ఒక బడిలో, సంభావ్యత పాఠానికి చింతగింజలు తీసుకుపోయాను. పిల్లల్ని నలుగురేసి కూర్చోబెట్టి, నాలుగేసి గింజలిచ్చి, వేసిందల్లా రాయమన్నాను. గింజ ఎటైనా సమంగా పడుతుందనుకుంటే పదహారు రకాలుగా పడొచ్చు. అందులో చెమ్మకు ఒక్కటే దారి, అష్టకూ ఒక్కటే. అంటే 160 సార్లు వేస్తే పది చెమ్మలు, పది అష్టలు రావాలి. మాకు పదమూడు, ఏడు వచ్చాయి. ఎందుకట్లా అని పిల్లలు వాదులాడుకుంటుండగా హెడ్‌మాస్టరు కిటికీలోంచి చూశారు. "క్లాసుల జూదమా సార్?" అన్నారు. నాకు బాగా టెన్షన్ పట్టుకుంది, కొత్త ఉద్యోగం కదా. గింజలన్నీ డ్రాయరులో పెట్టించారు. ఆ బ్యాచిలో ఎవరూ ఆ పాఠం మరిచిపోలేదని మాత్రం చెప్పగలను. ఇప్పటికీ ఎక్కడైనా కలిస్తే, "సార్, చెమ్మకు పదహారిట్ల ఒకటి" అంటారు.

* * *

వక్కాకు సంచి దొరికింది. పాత రుమాలు మూటలో ఉంది. సున్నపు కాయ తుప్పు పట్టింది, అడకత్తెర తెరుచుకోలేదు. గింజలు మాత్రం బాగున్నాయి, వేళ్ల జిడ్డుకు నునుపెక్కి. మనవరాలు అరచేతిలో పోసుకుని లెక్కపెట్టింది.

"తాతా, నాలుగన్నవు. ఐదున్నయి."

ఒకటి పోతే ఉండాలని దాచుకుందేమో అన్నాను.

"ఇది తప్పు గింజ. రెండు దిక్కులా తెల్లగుంది."

చేతిలోకి తీసుకుని చూశాను. రెండు వైపులా సమంగా, ఓపికగా అరగదీసిన గింజ. మిగతా నాలుగింటి కంటే కొంచెం పలుచన, అంతే. కొంగుతో తుడవడం గుర్తొచ్చింది. అష్ట ఎప్పుడూ పడకపోవడం గుర్తొచ్చింది. ఒక గింజకు నలుపే లేకపోతే నాలుగూ నల్లగా ఎక్కడ పడతాయి?

ఆ రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. మామూలు గింజలతో చెమ్మ పదహారిట్లో ఒకటి. ఈ గింజ పెట్టి వేస్తే ఎనిమిదిట్లో ఒకటి. రెట్టింపు. కానీ అష్ట సున్నా. ఇంకోసారి వేసే అవకాశం చూస్తే మామూలుగా చెమ్మకు ఒకటి, అష్టకు ఒకటి, కలిపి పదహారిట్లో రెండు, అదీ ఎనిమిదిట్లో ఒకటే. సరే, సగటు చూద్దామని లెక్క కట్టాను. మామూలు గింజలతో ఒక్కో పందేనికి రెండున్నర ఇండ్లు. దొంగ గింజతోనూ రెండున్నర. మళ్లీ లెక్క కట్టాను. రెండున్నరే. అన్నేండ్ల దొంగాటలో సగటున ఒక్క ఇల్లు కూడా ఎక్కువ రాలేదు.

మరునాడు భీవండికి వీడియో కాల్ చేశాను. అత్తమ్మకు ఎనభై దాటాయి. కొడుకు దగ్గర ఉంటుంది. గింజను ఫోను కెమెరా ముందు పెట్టి, ముందు ఒక దిక్కు, తర్వాత ఇంకో దిక్కు తిప్పి చూపించాను. కండ్లద్దాలు సర్దుకుని చూసింది. చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"యాడ దొరికింది బిడ్డా?"

"నాయినమ్మ సంచిల. నీదేనా అత్తమ్మా?"

"నాదే. గిర్నీ ఎనక బండ మీద రెండు పూటలు రాసిన. ఏళ్లు పొక్కులొచ్చినయి."

నేను లెక్కంతా చెప్పాను. రెండున్నర, రెండున్నర. దాని వల్ల నీకేం లాభం కాలేదు అత్తమ్మా అన్నాను. ఓపికగా విన్నది.

"నీ లెక్క నీ దగ్గర పెట్టుకో. గెల్సింది నేనా కాదా?"

"నువ్వే."

"మరింకేంది?"

వెళ్లేటప్పుడు దాన్ని ఇంట్లోనే పారేసుకున్నానని, చాలా రోజులు వెతికానని చెప్పింది. నాయినమ్మకు ఎప్పుడన్నా తెలిసిందా అని అడిగాను. ఫోనులో కాసేపు ఫ్యాను చప్పుడు, ఎక్కడో దూరంగా పవర్‌లూముల చప్పుడు.

"తెల్వకుంటే, పనికిరాని గింజను అన్నేండ్లు సంచిల ఎందుకు పెట్టుకుంటది బిడ్డా అవ్వ?"